టీవీ రికార్డింగ్ పీసీ: ప్రాసెసర్ కన్నా ట్యూనర్ ముఖ్యం

టీవీ రికార్డ్ చేయాలంటే పెద్ద ప్రాసెసర్ ఉండాలనుకుంటారు చాలామంది. అక్కర్లేదు. డిజిటల్ ప్రసారం మన దాకా వచ్చేసరికే ఎంపెగ్-2 లేదా హెచ్.264 అనే వీడియో పద్ధతిలో కుదించి ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు డిస్కులోకి దించుకోవడమే కంప్యూటర్ పని. నా పీసీలో ఉన్నది ఇంటెల్ ఎన్100 అనే చిన్న ప్రాసెసర్. మూడు ఛానళ్లు ఒకేసారి రికార్డవుతున్నా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. ప్రకటనలు పసిగట్టడం, ఫైలు సైజు తగ్గించడం లాంటి బరువు పనులు అర్ధరాత్రి నిదానంగా కానిస్తుంది. 8 జీబీ ర్యామ్ పెట్టాను, అదీ ఎక్కువే.

అసలు చూసుకోవాల్సింది ట్యూనర్, అంటే ప్రసారంలోంచి ఛానల్‌ని పట్టి కంప్యూటర్‌కి అందించే పరికరం. మొదట వాడిన యూఎస్‌బీ ట్యూనర్ గంటసేపు నడిస్తే చెయ్యి పెట్టలేనంత వేడెక్కేది. సరిగ్గా సినిమా క్లైమాక్స్‌లో బొమ్మ గళ్లుగళ్లుగా విడిపోయేది. పీసీ లోపల బిగించే నాలుగు ట్యూనర్ల పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు వేశాక ఆ టెన్షన్ పోయింది. ఒక్కరికి నాలుగెందుకని అడిగారు ఇంట్లో. ప్రోగ్రాములు టైముకి అవవు కాబట్టి ముందు రెండు నిమిషాలు, వెనక పది నిమిషాలు కలిపి రికార్డ్ పెడతాం. అప్పుడు ఒకదాని తోక, ఇంకోదాని తల కలుస్తాయి. రెండూ వేరే ఫ్రీక్వెన్సీల్లో ఉంటే రెండు ట్యూనర్లు ఆక్రమించినట్టే. ఒకే ఫ్రీక్వెన్సీలో వచ్చే ఛానళ్లయితే నేను లైనక్స్ మీద వాడే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ టీవీహెడ్ఎండ్ ఒక్క ట్యూనర్‌తోనే అన్నీ తీసేస్తుంది. కొనేముందు మీ ట్యూనర్‌కి లైనక్స్ డ్రైవర్ (దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్) ఉందో లేదో మాత్రం తప్పకుండా చూడండి.

డిస్కు విషయానికొస్తే, సెకనుకి 8 మెగాబిట్ల హెచ్‌డీ ఛానల్ గంటకి 3.6 జీబీ తింటుంది. అంటే 4 టీబీలో దాదాపు 1,100 గంటలు పడతాయి. వేగం కన్నా రకం ముఖ్యం. ఎస్ఎంఆర్ డిస్కులో ట్రాకులు ఒకదాని మీదొకటి ఎక్కి ఉంటాయి, చెరిపి మళ్లీ రాయాలంటే పక్కవీ తిరగరాయాలి. రోజూ పాతవి తీసేసి కొత్తవి నింపేవాళ్లకి ట్రాకులు విడివిడిగా ఉండే సీఎంఆర్ డిస్కే మేలు. సీసీటీవీకి అమ్మేది తీసుకున్నాను, 5400 ఆర్‌పీఎమ్, చప్పుడు దాదాపు లేదు. సిస్టమ్ మాత్రం విడిగా చిన్న ఎస్ఎస్‌డీ మీద ఉంది.

ఫ్యాన్ లేదు, పెద్ద హీట్‌సింకే. యూపీఎస్ పెట్టుకోండి, కరెంటు పోతే ఆ రికార్డింగ్ అక్కడితో సరి. ఎన్‌క్రిప్ట్ అయి, అంటే డబ్బు కట్టినవాళ్లకే తెరుచుకునేలా తాళం పడి వచ్చే పే ఛానళ్లకి మాత్రం ఈ సరంజామా అంతా ఉన్నా చాలదు. ముందు మీకు ఉచితంగా అందే ఛానళ్లెన్నో లెక్కేసుకుని, ఆ తర్వాతే కార్డు కొనండి.