బ్రౌజర్ నుంచి కీపాస్‌ఎక్స్‌సీకి: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

పాస్‌వర్డ్ మేనేజర్‌ల మీద సమీక్షలు చాలావరకు ఇన్‌స్టాల్ చేసిన వారంలోపే రాసేస్తుంటారు. కానీ వీటి మంచిచెడ్డలు తెలిసేది కంప్యూటర్ మారినప్పుడు, ఫోన్‌లో ఒక పాస్‌వర్డ్, కంప్యూటర్‌లో ఇంకో పాస్‌వర్డ్ సేవ్ అయి కూర్చున్నప్పుడు, అర్జెంటుగా లాగిన్ కావాల్సిన వేళ ఏదో పని చేయనప్పుడు. కీపాస్‌ఎక్స్‌సీ అనే పాస్‌వర్డ్ మేనేజర్‌ని ఏళ్ల తరబడి రోజూ వాడుతున్నాను. విండోస్‌లో వాడాను, లినక్స్‌లోనూ వాడాను. పాస్‌వర్డ్‌లన్నీ ఒకే ఫైల్‌గా మన దగ్గరే ఉండటం దీని బలం. ఆ ఫైల్‌ని కాపాడుకునే పని మొత్తం మన నెత్తిన పడటం దీనికి మనం కట్టే ధర. ఆ ఓపిక ఉన్నవాళ్లకు ఇంతకన్నా మంచిది నాకైతే కనిపించలేదు.

బ్రౌజర్‌లో ‘సేవ్ పాస్‌వర్డ్’ నొక్కితే సరిపోతుంది కదా అని చాలామంది అడుగుతారు. ఒకే పాస్‌వర్డ్‌ని అన్నిచోట్లా వాడటం కంటే అది ఎంతో మేలు, అందులో అనుమానం లేదు. కాకపోతే అక్కడ తాళం ఎవరి చేతిలో ఉందో తెలుసుకోవాలి. విండోస్‌లో క్రోమ్ పాస్‌వర్డ్‌లని ‘లాగిన్ డేటా’ అనే ఫైల్‌లో పెడుతుంది. ఎన్‌క్రిప్ట్ చేసే, అంటే తాళం లేనిదే చదవలేని రూపంలోకి మార్చే పెడుతుంది. అయితే ఆ ఎన్‌క్రిప్షన్ చాలాకాలం పాటు మన విండోస్ లాగిన్‌నే నమ్ముకుంది. అంటే మన పేరు మీద నడుస్తున్న ఏ ప్రోగ్రామ్ అయినా విండోస్‌ని అడిగి ఆ తాళం తీయించుకోగలదు. పాస్‌వర్డ్‌లు దోచే మాల్‌వేర్‌లు ఎన్నో సరిగ్గా ఈ దారినే వాడుకున్నాయి. 2024లో వచ్చిన 127వ వెర్షన్ నుంచి గూగుల్ ‘యాప్ బౌండ్ ఎన్‌క్రిప్షన్’ తెచ్చి, ముందు కుకీలతో (మనం లాగిన్ అయి ఉన్నామని గుర్తుంచుకునే ఫైళ్లతో) మొదలుపెట్టి ఈ దారి బిగించింది. ఫైర్‌ఫాక్స్‌లో ప్రైమరీ పాస్‌వర్డ్ అనే సౌకర్యం ఉంది, కానీ దాన్ని మనమే ఆన్ చేసుకోవాలి. చేయకపోతే ప్రొఫైల్ ఫోల్డర్‌లోని లాగిన్స్.జేసన్, కీ4.డీబీ అనే రెండు ఫైళ్లు కాపీ చేసుకెళ్తే చాలు, ఇంకో కంప్యూటర్‌లో పాస్‌వర్డ్‌లన్నీ బయటపడతాయి. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు నా మాట ఇంకేదీ వినకపోయినా ఈ ఒక్క సెట్టింగ్ ఇవాళే ఆన్ చేసుకోండి.

కీపాస్‌ఎక్స్‌సీ పద్ధతి వేరు. డోమినిక్ రైకల్ 2003లో విడుదల చేసిన కీపాస్ ఈ కుటుంబానికి మూలం. దాన్ని లినక్స్‌కి తెచ్చిన కీపాస్‌ఎక్స్ పని నెమ్మదించాక, ఆ కోడ్ తీసుకుని కొందరు వాలంటీర్లు ముందుకు నడిపించినదే కీపాస్‌ఎక్స్‌సీ. ఓపెన్ సోర్స్, ఉచితం, అకౌంట్ తెరవక్కర్లేదు, సర్వర్ లేదు. పాస్‌వర్డ్‌లన్నీ ఒక కేడీబీఎక్స్ ఫైల్‌లో ఉంటాయి, డేటాబేస్ అనేది దీన్నే. మాస్టర్ పాస్‌వర్డ్ ఇస్తేనే అది తెరుచుకుంటుంది, విండోస్‌లోకి లాగిన్ అయినంత మాత్రాన తెరుచుకోదు. తేడా అంతా ఇక్కడే ఉంది.

పేర్లు దగ్గరగా ఉండటం వల్ల వచ్చే గందరగోళం ఒకటి ఉంది. 2023లో కీపాస్‌లో ఒక లోపం బయటపడింది. మాస్టర్ పాస్‌వర్డ్ టైప్ చేసినప్పుడు దాని ఆనవాళ్లు మెమరీలో మిగిలిపోయేవి, మెమరీ డంప్ (మెమరీలో ఉన్నదంతా ఫైల్‌గా తీసిన కాపీ) దొరికితే దాదాపు మొత్తం పాస్‌వర్డ్ తిరిగి కూర్చుకోగలిగేవాళ్లు. 2.54 వెర్షన్‌లో సరిచేశారు. అది కీపాస్ సంగతి. కీపాస్‌ఎక్స్‌సీ కోడ్ పూర్తిగా వేరు కాబట్టి దీనికి ఆ లోపం లేదు. ఆ వార్త చదివి దీన్ని తీసేసినవాళ్లు ఉన్నారు, అందుకే ప్రత్యేకంగా చెప్తున్నాను.

ఇక మాస్టర్ పాస్‌వర్డ్. మొత్తం భద్రత దీని మీదే నిలబడుతుంది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. పిల్లల పేరు, పుట్టిన సంవత్సరం, చివర్లో ఒక ఆశ్చర్యార్థకం లాంటివి పనికిరావు. డైస్‌వేర్ అనే పద్ధతి ఉంది: 7,776 మాటల జాబితా తీసుకుని, పాచిక ఐదుసార్లు వేస్తే వచ్చే అంకెలతో ఒక మాట ఎంచుకోవాలి. ఇలా ఆరు మాటలు ఎంచుకుంటే దాదాపు 77 బిట్ల బలం వస్తుంది, అంటే రెండుని 77 సార్లు వేసి గుణిస్తే వచ్చేన్ని అవకాశాలు. పాచికలు లేకపోతే కీపాస్‌ఎక్స్‌సీలోనే పాస్‌ఫ్రేజ్ జనరేటర్ ఉంది, అదే ఎంచి పెడుతుంది. ఇంగ్లిష్ మాటలు గుర్తుండవనుకుంటే తెలుగు మాటలని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకుని సొంత జాబితా తయారుచేసుకోవచ్చు. అందులో రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. ‘చెట్టు’ని ఒక టీతో రాయాలా, రెండు టీలతో రాయాలా అన్నది ముందే తేల్చుకోవాలి, లేకపోతే నెల తిరిగేసరికి మనకే టెన్షన్. రెండోది ఇంకా ముఖ్యం. మాటలని పాచికే ఎంచాలి, మన మనసు ఎంచకూడదు. మనసుకి తట్టే మాటల్లో మన ఇష్టాలు, మన ఇంటి సంగతులు దొర్లుతాయి, ఊహించేవాళ్లు మొదట వెతికేది అక్కడే.

దానికి తోడు ఆర్గాన్2 అనే లెక్క ఉంది. 2015లో పాస్‌వర్డ్ హ్యాషింగ్ పోటీలో గెలిచింది ఇదే. దీని పని పాస్‌వర్డ్ సరిచూడటాన్ని కావాలని నెమ్మది చేయడం, మెమరీ ఎక్కువ తినేలా చేయడం. డేటాబేస్ సెక్యూరిటీ సెట్టింగుల్లో ఒక స్లైడర్ ఉంటుంది, ఫైల్ తెరవడానికి ఎంతసేపు పట్టాలో అక్కడ పెట్టుకోవచ్చు. నేను ఒక సెకను దగ్గర ఉంచాను. ఫైల్ తెరిచేటప్పుడు మనకి ఆ సెకను తెలియను కూడా తెలియదు. కోట్ల పాస్‌వర్డ్‌లు ప్రయత్నించి చూసేవాడికి మాత్రం ప్రతిసారీ ఆ భారం పడుతుంది. పాత ఫోన్‌లో కూడా తెరవాల్సి ఉంటే మరీ ఎక్కువ పెట్టకండి, అక్కడ చాలాసేపు తిరుగుతుంది.

రోజువారీ వాడకంలో నేను అన్నిటికంటే ఎక్కువ నమ్ముకున్నది బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్‌ని. ఒకసారి జత చేస్తే చాలు. లాగిన్ పేజీ తెరిచినప్పుడు అది సైట్ అడ్రస్ చూసి, మనం ఎంట్రీలో (ఆ అకౌంట్ వివరాలు దాచుకున్న చోట) రాసుకున్న అడ్రస్‌తో పోల్చి, కలిస్తేనే నింపుతుంది. ‘మీ అకౌంట్ ఆగిపోయింది, వెంటనే లాగిన్ అవ్వండి’ అంటూ ఒక మెయిల్ వచ్చింది. నొక్కితే లోగో, రంగులు, అక్షరాలు అన్నీ అసలు సైట్‌లాగే ఉన్నాయి. అడ్రస్‌లో మాత్రం ఒక చిన్న అక్షరం తేడా, కంటికి ఆనదు. ఎక్స్‌టెన్షన్ ఏమీ నింపకుండా ఊరుకుంది. ఎందుకు నింపలేదా అని అడ్రస్ మళ్లీ చదివితే విషయం అర్థమైంది. ఎంత చదువుకున్నవాళ్లైనా హడావిడిలో ఉన్నప్పుడు కళ్లని నమ్మడం కష్టం, ఈ పోలిక మాత్రం హడావిడి పడదు. అందుకే ఎవరికైనా దీన్ని నేర్పేటప్పుడు ముందు ఒకటి చెప్తాను: ఎక్స్‌టెన్షన్ నింపకపోతే మీరు కాపీ చేసి అతికించకండి, ముందు అడ్రస్ చూడండి.

ఆటో టైప్ అనే ఇంకో సౌకర్యం కూడా ఉంది. బ్రౌజర్ కాని ప్రోగ్రామ్‌లలో పాస్‌వర్డ్‌ని దానంతట అదే టైప్ చేస్తుంది. పనికొస్తుంది, కానీ అది మామూలుగా చూసేది విండో టైటిల్‌ని. టైటిల్ ఏం పెట్టాలో దొంగ పేజీ తన ఇష్టం వచ్చినట్టు పెట్టుకోగలదు. కాబట్టి వెబ్‌సైట్లకి ఆటో టైప్ వాడొద్దన్నది నా గట్టి సలహా.

కాపీ చేసిన పాస్‌వర్డ్‌ని క్లిప్‌బోర్డ్ నుంచి పది సెకన్లలో తుడిచేయడం ఇందులో మామూలుగానే ఉంటుంది. క్లిప్‌బోర్డ్ చరిత్ర దాచే ప్రోగ్రామ్‌లు వేరే ఏవైనా పెట్టుకుని ఉంటే అవి ఏం దాస్తున్నాయో ఒకసారి చూసుకోండి.

బయటికి పెద్దగా కనిపించని, కానీ నన్ను ఆదుకున్న సౌకర్యం ఎంట్రీ హిస్టరీ. ఒక సైట్‌లో పొడవైన పాస్‌వర్డ్ పెట్టాను. మార్చినట్టు మెసేజ్ వచ్చింది, తర్వాత లాగిన్ అయితే తప్పు అంది. ఆ సైట్ పాస్‌వర్డ్ మార్చే పేజీలో చివరి అక్షరాలని చెప్పకుండా కత్తిరించి సేవ్ చేసుకుంటోంది, లాగిన్ పేజీలో మాత్రం మొత్తం తీసుకుంటోంది. ఎంట్రీలో పాతదీ కొత్తదీ తేదీలతో సహా ఉన్నాయి కాబట్టి, ముందు పాతది పని చేయట్లేదని నిర్ధారించుకుని, తర్వాత కొత్తదాన్ని చివరి నుంచి తగ్గిస్తూ వెళ్తే దొరికింది. పాస్‌వర్డ్ కాస్త పొడవుగా ఉంటే దాన్ని సరిగ్గా దాచుకోలేని సైట్లు ఇంకా ఉండటం బాధ కలిగించే విషయం.

రిపోర్ట్స్ విభాగంలో బలహీనమైనవి, రెండుచోట్ల వాడినవి చూపిస్తుంది. లీకైన పాస్‌వర్డ్‌లతో సరిచూసుకునే వీలు కూడా ఉంది. ట్రాయ్ హంట్ నడిపే ‘హ్యావ్ ఐ బీన్ పౌన్డ్’ సేవకి పాస్‌వర్డ్ పంపకుండా, దాని హ్యాష్‌లోని (పాస్‌వర్డ్ నుంచి లెక్కగట్టే, వెనక్కి తిప్పలేని కోడ్‌లోని) మొదటి ఐదు అక్షరాలే పంపి, మిగతా పోలిక మన కంప్యూటర్‌లోనే జరుగుతుంది. నేను కొత్తగా ఎవరి డేటాబేస్ తయారుచేసినా ముందు ఇదే నడిపిస్తాను. ఎర్రగా వచ్చినవాటిలో మొదట ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చాలి. మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్ రీసెట్ లింకులన్నీ వచ్చిపడేది ఆ ఇన్‌బాక్స్‌లోకే.

బ్రౌజర్ నుంచి మారేటప్పుడు చాలామంది సగంలో ఆపేస్తారు. బ్రౌజర్ ఇచ్చే సీఎస్‌వీ ఫైల్‌లో పాస్‌వర్డ్‌లన్నీ మామూలు అక్షరాల్లో, ఎవరైనా చదివేలా ఉంటాయి. కీపాస్‌ఎక్స్‌సీలోకి తెచ్చుకుని, ముఖ్యమైన అకౌంట్లలో లాగిన్ అయి చూసుకున్నాక ఆ ఫైల్ తీసేయాలి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. ఎస్ఎస్‌డీలో తీసేసిన ఫైల్ నిజంగా చెరిగిపోయిందన్న హామీ లేదు, కాబట్టి విండోస్‌లో బిట్‌లాకర్, మ్యాక్‌లో ఫైల్‌వాల్ట్ లేదా లినక్స్‌లో లక్స్‌తో డిస్క్ ముందే ఎన్‌క్రిప్ట్ అయి ఉండటం మంచిది. తర్వాత బ్రౌజర్‌లో సేవ్ అయినవన్నీ తుడిచేయాలి, సింక్‌లో ఉన్నవి కూడా. సేవ్ చేయమంటావా అని అడగడం కూడా ఆపేయాలి. ఇవి చేయకపోతే కొత్త పెట్టెకి తాళం వేసి పాత పెట్టె తెరిచి వదిలేసినట్టే.

కష్టాలు లేవని కాదు. దీనికి సొంత ఫోన్ యాప్ లేదు. ఆండ్రాయిడ్‌లో కీపాస్‌డీఎక్స్, ఐఫోన్‌లో కీపాసియం లేదా స్ట్రాంగ్‌బాక్స్ వాడుకోవాలి. ఫైల్‌ని ఫోన్‌కీ కంప్యూటర్‌కీ మధ్య తిప్పడం మన పని. రెండుచోట్లా ఒకేసారి మార్పులు చేస్తే సింక్ సేవ ‘కాన్‌ఫ్లిక్ట్’ అనే పేరుతో ఇంకో కాపీ వదులుతుంది. అప్పుడు కంగారుపడి ఏదో ఒకటి తీసేయకూడదు. డేటాబేస్ మెనూలో మెర్జ్ ఉంది, ఎంట్రీల తేదీలు చూసి రెండింటినీ కలుపుతుంది. లినక్స్‌లో స్నాప్, ఫ్లాట్‌ప్యాక్ అనే ప్యాకేజీలుగా వచ్చే బ్రౌజర్లతో ఎక్స్‌టెన్షన్ జత కావడం ఒక తలనొప్పి. నేను డిస్ట్రో (మనం వాడే లినక్స్ రకం) సొంత ప్యాకేజీలకి మారాక ఆ బాధ తగ్గింది. ఇంట్లో నలుగురు కలిసి వాడుకునే పాస్‌వర్డ్‌లకి కీషేర్ ఉంది కానీ, కంప్యూటర్ అంటే ఆసక్తి లేనివాళ్లకి అది అర్థమయ్యేలా లేదు.

ఫైల్‌ని క్లౌడ్‌లో పెట్టొచ్చా? నేను పెడతాను. భయపడటానికి కారణం లేకపోలేదు: 2022లో లాస్ట్‌పాస్ అనే క్లౌడ్ పాస్‌వర్డ్ మేనేజర్ నుంచి దొంగలు కస్టమర్ల వాల్ట్‌ల (పాస్‌వర్డ్ పెట్టెల) బ్యాకప్‌లు ఎత్తుకెళ్లారు. అందులో సైట్ అడ్రస్‌లు ఎన్‌క్రిప్ట్ కాలేదు. ఎవరికి ఎక్కడెక్కడ అకౌంట్లు ఉన్నాయో పాస్‌వర్డ్ ఛేదించకుండానే తెలిసిపోయింది. కేడీబీఎక్స్‌లో అడ్రస్‌లు, యూజర్ నేమ్‌లు, నోట్స్ అన్నీ ఎన్‌క్రిప్ట్ అవుతాయి. దానికి తోడు నేను కీ ఫైల్ (మాస్టర్ పాస్‌వర్డ్‌తో పాటు తాళంచెవిలా ఇవ్వాల్సిన ఫైల్) కూడా పెట్టాను. అది క్లౌడ్‌లోకి ఎప్పుడూ వెళ్లదు, కేబుల్‌తోనే ఫోన్‌లోకి కాపీ చేస్తాను. క్లౌడ్‌లోంచి డేటాబేస్ ఎవరికి దొరికినా మాస్టర్ పాస్‌వర్డ్ ఒక్కటే సరిపోదు. అదే కీ ఫైల్ మనం పోగొట్టుకుంటే మనకీ తెరుచుకోదు, ఎవరూ రీసెట్ చేసివ్వరు. అందుకని దాని కాపీ పెన్‌డ్రైవ్‌లో, మాస్టర్ పాస్‌వర్డ్ కాగితం మీద, రెండూ వేర్వేరు చోట్ల ఉంచాను. ఎక్కడున్నాయో ఇంట్లో ఒకరికి తెలుసు. బ్యాకప్ ఉందనుకోవడం వేరు, అది తెరుచుకుంటుందని చూసుకోవడం వేరు. అప్పుడప్పుడు ఇంకో కంప్యూటర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి నిజంగా తెరిచి చూస్తాను.

ఏ మేనేజర్ అయినా చేయలేని పని ఒకటుంది. కంప్యూటర్‌లో మాల్‌వేర్ నడుస్తుండగా డేటాబేస్ తెరిస్తే, తెరిచి ఉన్నది దానికీ అందుబాటులో ఉన్నట్టే. పైరేటెడ్ సాఫ్ట్‌వేర్ దించుకునే కంప్యూటర్‌లో పాస్‌వర్డ్ మేనేజర్ గురించి మాట్లాడటం దండగ. కాసేపు వాడకపోతే, స్క్రీన్ లాక్ అయితే డేటాబేస్ కూడా లాక్ అయ్యేలా సెట్టింగుల్లో పెట్టుకోండి. మళ్లీ మళ్లీ పెద్ద పాస్‌వర్డ్ కొట్టడం విసుగనిపిస్తే విండోస్ హలో, టచ్ ఐడీతో క్విక్ అన్‌లాక్ (వేలిముద్ర లాంటివాటితో వెంటనే తెరవడం) ఉంది. ప్రోగ్రామ్ మూసి తెరిచాక మొదటిసారి మాత్రం అసలు పాస్‌వర్డ్ అడుగుతుంది, దానివల్ల అది మర్చిపోకుండానూ ఉంటాం.

టూ ఫ్యాక్టర్ కోడ్‌లు (పాస్‌వర్డ్ తర్వాత అడిగే రెండో కోడ్‌లు) ఇందులోనే పెట్టుకోవచ్చు, 2024లో వచ్చిన 2.7.7 నుంచి పాస్‌కీలు (పాస్‌వర్డ్‌కి బదులు వాడే డిజిటల్ తాళంచెవులు) కూడా. నేను ఈమెయిల్ కోడ్‌లని మాత్రం వేరే పరికరంలో ఉంచి, మిగతావి ఇందులో పెట్టాను. రెండో తాళం కూడా అదే ఫైల్‌లో ఉంటే, ఆ ఫైల్ పోయిన రోజు రెండూ పోతాయి.

బ్యాకప్, సింక్ గురించి అసలు ఆలోచించకూడదు అనుకునేవాళ్లకి నేను బిట్‌వార్డెన్ చెప్తాను. అదీ ఓపెన్ సోర్సే, ఉచితంగా వాడుకోవచ్చు, ఫోన్, కంప్యూటర్ అన్నీ తనే కలిపి చూసుకుంటుంది. అక్కడ మొదలుపెట్టి ఎప్పుడైనా ఇటు రావాలనిపిస్తే, దాని ఎక్స్‌పోర్ట్ ఫైల్‌ని కీపాస్‌ఎక్స్‌సీ నేరుగా తీసుకుంటుంది.