ఆరేళ్లు డబ్ల్యూఎక్స్‌పైథాన్ వాడాక

మా బాబాయి ఐరన్ షాపుకి బిల్లింగ్, స్టాక్ చూసుకునే ప్రోగ్రామ్ 2019లో డబ్ల్యూఎక్స్‌పైథాన్‌లో (పైథాన్ భాషలో విండోలు, బటన్లు ఉన్న ప్రోగ్రాములు రాసుకునే లైబ్రరీ) రాసిచ్చాను, ఇప్పటికీ పొద్దున షట్టర్ ఎత్తగానే అదే ఓపెన్ చేస్తారు. దీన్ని ఎంచుకోడానికి కారణం ఒక్కటే, ఇది బటన్లు, టెక్స్ట్ బాక్సులు సొంతంగా గీయదు, విండోస్‌లో విండోస్‌వే, మ్యాక్‌లో మ్యాక్‌వే, లినక్స్‌లో అక్కడి బటన్లు గీసే జీటీకే లైబ్రరీవే తెచ్చి పెడుతుంది. షాపులో విండోస్ 7 తీసేసి 10 వేసినప్పుడు నేను ఒక్క లైను మార్చలేదు, బటన్లు వాటంతటవే కొత్త రూపంలోకి వచ్చేశాయి. కస్టమర్ల పేర్లు తెలుగులో కొడితే ఒత్తులు కూడా చక్కగా పడతాయి, ఎందుకంటే ఆ బాక్సు విండోస్‌దే కదా. అంధులు వాడే ఎన్వీడీఏ స్క్రీన్ రీడర్ ఇంటర్‌ఫేస్ కూడా దీంతోనే కట్టారని తెలిశాక నాకు ఇంకా నమ్మకం పెరిగింది.

కానీ ఒక్క సంగతి ముందే బుర్రకెక్కించుకోవాలి. మన పైథాన్ ఆబ్జెక్ట్ పైన తొడుగు మాత్రమే, లోపల అసలు విండో సీ ప్లస్ ప్లస్‌లో ఉంటుంది, రెండిటి ఆయుష్షు ఒకటి కాదు. నాకు ఇది కాటా దగ్గర తెలిసింది. ఎలక్ట్రానిక్ కాటా నుంచి బరువు చదివి డైలాగ్‌లోని లేబుల్ మీద చూపించే థ్రెడ్ (మెయిన్ ప్రోగ్రామ్ పక్కనే విడిగా నడిచే పని) ఒకటి పెట్టాను, బాబాయి బరువు రాకముందే డైలాగ్ మూసేస్తే "ర్యాప్డ్ సీ ప్లస్ ప్లస్ ఆబ్జెక్ట్ డిలీట్ అయింది" అని రన్‌టైమ్ ఎర్రర్, కొన్నిసార్లు అది కూడా లేకుండా ప్రోగ్రామ్ మొత్తం మాయం, కస్టమర్ ఎదురుగా నిలబడి ఉన్నాడు. మూడు రాత్రులు కూర్చున్నాను. థ్రెడ్ నుంచి లేబుల్‌ని నేరుగా ముట్టుకోకుండా కాల్ఆఫ్టర్ అనే ఫంక్షన్‌తో ఆ పనిని విండోలు నడిపే మెయిన్ థ్రెడ్‌కి పంపాలి, అదొక్కటే చాలదు, ఆ పని వంతు వచ్చేలోపు డైలాగ్ పోయి ఉండొచ్చు కాబట్టి అక్కడ ఇఫ్ పెట్టి లేబుల్ బతికుందో లేదో చూడాలి, లోపలి విండో పోయుంటే ఆ తొడుగు ఫాల్స్ ఇస్తుంది. ఆ రెండు లైన్లు పెట్టాక మళ్లీ ఆ ఎర్రర్ రాలేదు.

పైథాన్ 3.10కి మారినప్పుడు ఇంకో చిక్కు వచ్చింది, సైజులు భాగహారం చేసి ఇచ్చిన చోటల్లా ఫ్లోట్ (దశాంశ సంఖ్య) కుదరదంది, అన్నిటికీ పూర్ణాంకంగా మార్చే ఇంట్ తగిలించుకుంటూ పోయాను. లినక్స్‌లో డబ్ల్యూఎక్స్‌పైథాన్‌ని పిప్‌తో (పైథాన్ లైబ్రరీలు దించుకునే టూల్) పెడితే సోర్సు నుంచి కంపైల్ అవుతూ కూర్చుంటుంది, మీ లినక్స్ డిస్ట్రో వాళ్లు ఇచ్చే రెడీమేడ్ ప్యాకేజీ ఉంటే అదే వేసుకోండి. పాత బిల్లులు 40 వేలు దాటాయి, వాటిని చూపించే లిస్ట్‌కంట్రోల్‌ని (వరసల జాబితా పెట్టె) వర్చువల్ మోడ్‌లో పెట్టాక స్క్రీన్ మీద కనిపించే వరసలే అడుగుతుంది, స్క్రోల్ ఎక్కడా ఆగదు. గోదాము కోసం ఇంకో ప్రోగ్రామ్ అడుగుతున్నారు, అదీ ఇందులోనే మొదలుపెట్టాను.