టికెట్ పక్కన అమ్మే 'రక్షణ': విమాన కంపెనీయే చేతులెత్తేస్తే ఎంత పనికొస్తుంది?

ఈ వేసవికి హైదరాబాద్ నుంచి శ్రీనగర్‌కి టికెట్లు తీస్తుంటే, డబ్బులు కట్టే పేజీలో బుకింగ్ యాప్ ఇంకో రెండు అమ్మజూపింది. ఒకటి 'జీరో క్యాన్సిలేషన్', రెండోది ప్రయాణ బీమా. రెండూ కొన్నాను. కొని ఊరుకోకుండా వాటి షరతులన్నీ కూర్చుని చదివాను, అర్థం కానివి కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడిగాను. నాకు కావాల్సింది ఒకటే, విమాన కంపెనీ దివాలా తీస్తే నా డబ్బు ఎవరిస్తారు? యాప్ పేరూ బీమా కంపెనీ పేరూ రాయడం లేదు, మరో రెండు యాప్‌లలో చూస్తే అక్కడా ఇదే కథ.

అంత అనుమానం ఎందుకు అంటారేమో. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ విమానాలు ఆగిపోయాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ అమృత్‌సర్ నుంచి ముంబైకి ఆఖరి విమానం నడిపింది. 2023 మే 2న గో ఫస్ట్ తనంతట తానే ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రైబ్యునల్) వెళ్లి దివాలా పిటిషన్ వేసింది, ప్రాట్ అండ్ విట్నీ ఇంజన్లు సరిగ్గా అందక సగం విమానాలు నేల మీదే ఉండిపోయాయని చెప్పింది, అప్పటికి బాకీలు 11,463 కోట్ల రూపాయలు. మే నెల, పిల్లలకి సెలవులు, లేహ్‌కీ శ్రీనగర్‌కీ జనం ఎగబడే రోజులు. ముందు మూడు రోజులు రద్దు అన్నారు, తర్వాత 9 దాకా అన్నారు, మళ్లీ 12 దాకా, అలా పొడిగిస్తూనే పోయారు. 20వ తేదీకి టికెట్ ఉన్నవాడు ఏం చేయాలి? వేరే టికెట్ కొనాలా, ఆగాలా? ఆగినకొద్దీ మిగతా కంపెనీల రేట్లు పెరుగుతున్నాయి. గో ఫస్ట్ తిరిగిన రూట్లలో చార్జీలు అదుపులో పెట్టుకోండని చివరికి కేంద్ర మంత్రే కంపెనీలకి చెప్పాల్సి వచ్చింది.

ఇక సరుకు సంగతి. 'జీరో క్యాన్సిలేషన్' అంటే టికెట్ మీరు రద్దు చేసుకుంటే కోత లేకుండా డబ్బు తిరిగి ఇస్తారు, మనిషికి 500 పైనే తీసుకున్నారు. జ్వరం వచ్చింది, ఆఫీసులో సెలవు ఇవ్వలేదు, ఇలాంటి వాటికి బాగానే ఉంది. కానీ విమానం వాళ్లే రద్దు చేస్తే ఇది వర్తించదు. ఫోన్‌లో అమ్మాయి మర్యాదగానే చెప్పింది, "ఎయిర్‌లైన్ క్యాన్సిల్ చేస్తే రీఫండ్ ఎయిర్‌లైనే ఇస్తుందండి." ఆ ఎయిర్‌లైన్ దివాలా తీస్తేనో అన్నాను. "వాళ్ల దగ్గర్నుంచి మాకు రాగానే మీకు పంపిస్తాం సర్." అంటే రాకపోతే లేదు. ఈ ఒక్క భయం కోసం కొనేవాళ్లకి అయిదుకి ఒకటి ఇస్తాను, మామూలు రద్దుల కోసమైతే మూడున్నర.

ఆ 'వాళ్ల దగ్గర్నుంచి రాగానే' అన్న మాటలో ఉన్న చిక్కు చాలామందికి తెలియదు. ఎన్‌సీఎల్‌టీ పిటిషన్ తీసుకుందంటే మారటోరియం మొదలవుతుంది, పాత బాకీలు ఎవరికి వాళ్లకి విడిగా తీర్చడం ఆగిపోతుంది. ప్రయాణికుడు కూడా కంపెనీ నుంచి డబ్బు రావాల్సినవాళ్ల లైన్లో చేరి క్లెయిమ్ ఫారం నింపాల్సిందే. కంపెనీని ఎవరూ కొనక లిక్విడేషన్‌కి (ఉన్న ఆస్తులు అమ్మేసి మూసేయడానికి) వెళ్తే, దివాలా చట్టం సెక్షన్ 53లో వరుస రాసి ఉంది: ముందు ప్రక్రియ ఖర్చులు, తర్వాత కార్మికుల 24 నెలల బకాయిలు, తాకట్టు పెట్టించుకున్న బ్యాంకులు, ఆ తర్వాత మిగతా ఉద్యోగుల ఏడాది జీతాలు, తాకట్టు లేకుండా అప్పిచ్చిన సంస్థలు, ప్రభుత్వం, ఇవన్నీ అయ్యాక 'మిగిలిన బాకీలు'. మనం అక్కడ. పెళ్లిలో ఆఖరి పంక్తి అన్నమాట, అప్పటికి గిన్నెలు కడిగేసి ఉంటారు. అమ్ముదామంటే విమానాలు కూడా కంపెనీవి కావు, అద్దెవి. గో ఫస్ట్ విమానాలు 54 వాటిని అద్దెకిచ్చినవాళ్లకి వదిలేయమని 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టు తేల్చేసింది, 2025 జనవరిలో కంపెనీని లిక్విడేషన్‌కి పంపారు. జెట్ సంగతైతే సుప్రీంకోర్టు లిక్విడేషన్ అనేసరికి 2024 నవంబరు. అయిదున్నరేళ్లు! అప్పుడు హనీమూన్‌కి టికెట్ కొన్నవాళ్ల పిల్లలు ఈపాటికి బడికి పోతూ ఉంటారు.

బీమా దగ్గరికొస్తే, మనిషికి 200 లోపే, సామాన్లు పోతే ఇంత, విమానం ఆలస్యమైతే ఇంత అని ముందు పేజీలో పెద్ద పట్టిక ఉంది. వెనక పేజీల్లో మినహాయింపుల జాబితా మధ్యలో ఎక్కడో, రవాణా సంస్థ దివాలా వల్ల కలిగే నష్టం ఇవ్వబడదు అని ఒక లైను. అంతే. విదేశీ ప్రయాణాలకి అమ్మే కొన్ని పాలసీల్లో దివాలాకి కూడా కవర్ దొరుకుతుంది, కొనేముందు పాలసీ పత్రంలో 'ఇన్సాల్వెన్సీ' అని వెతికి చూడండి, ఆ పదం కవర్ వైపు ఉందా మినహాయింపుల వైపు ఉందా అని. నేను కొన్నదానికి అయిదుకి రెండు, ఆ రెండూ సామాన్ల కోసం.

నాకు అన్నిటికంటే నచ్చింది వీళ్లెవరూ అమ్మనిది. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, సేవ అందలేదని బ్యాంకులో డిస్ప్యూట్ వేయొచ్చు, దాన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. దీనికి గడువు ఉంటుంది, కాబట్టి రీఫండ్ వస్తుందేమో అని నెలల తరబడి కూర్చోకుండా, రద్దు మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి వెంటనే బ్యాంకుకి రాయాలి. యాప్ ద్వారా కొంటే కార్డు మీద యాప్ పేరే పడుతుంది కాబట్టి వాళ్లు ఎదురు వాదించే అవకాశం ఉంది, అయినా వేయాలి. యూపీఐలో కూడా ఫిర్యాదు పెట్టొచ్చు గానీ, ఇంత పెద్ద మొత్తానికి నాకు దాని మీద కార్డు మీద ఉన్నంత నమ్మకం లేదు. రెండు శాతం క్యాష్‌బ్యాక్ కోసం యాప్ వాలెట్‌లో డబ్బు వేసి టికెట్ కొనడం మాత్రం నేనైతే చేయను.

లండన్ నుంచి మా చెల్లెలు ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్తే నవ్వింది. అక్కడ విమానంతో కలిపి హాలిడే ప్యాకేజీ కొంటే అటాల్ అనే రక్షణ ఉంటుంది, మనిషికి రెండున్నర పౌండ్ల చొప్పున ట్రావెల్ కంపెనీలు ఒక నిధికి కడతాయి. 2019 సెప్టెంబరు 23న అక్కడి ట్రావెల్ కంపెనీ థామస్ కుక్ కూలినప్పుడు (ఆ పేరుతో మన దేశంలో ఉన్నది వేరే కంపెనీ, దానికి సంబంధం లేదు) విదేశాల్లో చిక్కుకున్న దాదాపు లక్షన్నర మందిని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థే వెనక్కి తెచ్చింది. ఎయిర్‌లైన్ సైట్‌లో ఉత్త టికెట్ కొంటే మాత్రం అక్కడ కూడా అటాల్ ఉండదు, చాలామంది మనవాళ్లు ఇండియాకి వచ్చేటప్పుడు చేసేది అదే. మన దగ్గర అలాంటి నిధే లేదు, మనిషికి ఓ 20 రూపాయలు తీసుకుని ఒకటి పెట్టినా ఎవరూ కాదనరు అనుకుంటా.

ఇదంతా చూశాక నేను ఢిల్లీ దాకా ఒక కంపెనీ, అక్కణ్నుంచి ఇంకో కంపెనీ అని చవగ్గా విడివిడిగా తీయకుండా, కాస్త ఎక్కువైనా ఒకే పీఎన్‌ఆర్ (బుకింగ్ నంబరు) మీద తీశాను. విడిగా తీస్తే ఒకటి పోయినప్పుడు రెండోదాని టికెట్ డబ్బు కూడా మన నెత్తినే, ఆ రెండో కంపెనీ 'మా విమానం సమయానికే ఎగిరింది కదా' అంటుంది, అందులో తప్పు కూడా లేదు. పహల్గాంలో హోటల్ అక్కడికెళ్లాక కట్టేది చూసుకున్నాను. దాల్ సరస్సులో హౌస్‌బోట్ ఆయన ఒక్క రాత్రికి అడ్వాన్స్ అడిగి, విమానం రాకపోతే అది కూడా వచ్చే ఏడాదికి వాడుకోండి అన్నాడు. ఆయనకి అయిదుకి అయిదు.