అంతర్జాతీయ సంబంధాల విద్యార్థులకు స్కిల్స్ కోర్సు: ఆరేళ్లు వాడాక

మొదటి మెమో, అంటే ఏం చేయాలో అధికారికి చెప్పే చిన్న నోటు, తిరిగొచ్చిన శనివారం ఇంకా గుర్తుంది. గల్ఫ్‌లో మన కార్మికుల జీతాల బకాయిల మీద రెండు పేజీలు రాశాను. 1970ల్లో చమురు ధరలు పెరగడం దగ్గర మొదలుపెట్టి, మెల్లగా నడిచొచ్చి, చివరి పేరాలో ప్రభుత్వం ఏం చేయాలో చెప్పాను. సార్ రెండు పేజీల మీదా ఎర్ర సిరాతో అడ్డగీత కొట్టి, ఆఖరి వాక్యం చుట్టూ సున్నా చుట్టి, పక్కన "ఇది పైకి తే. మిగతాది అడిగితే చెప్పు" అని రాశారు. ఎం.ఏ.లో దాదాపు ఇదే వ్యాసానికి నాకు మంచి గ్రేడ్ వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం భోజనం కూడా సరిగా సహించలేదు.

ఢిల్లీలో ఇంటర్నేషనల్ రిలేషన్స్ చదువుతూ 2018-19లో శని, ఆదివారాలు మెమో రాయడం, సంప్రదింపులు, ముసాయిదా లాంటి పనులు నేర్పే ఈ కోర్సు చేశాను. సంస్థ పేరు రాయను. అప్పుడు చెప్పినవాళ్లు ఇప్పుడు అక్కడ లేరు, కాబట్టి నా మెప్పుగానీ తిట్లుగానీ ఇప్పటివాళ్లకు అంటవు. ఫీజు నా రెండు నెలల హాస్టల్ ఖర్చు కంటే ఎక్కువే. ఇప్పుడు హైదరాబాద్‌లో గల్ఫ్ కార్మికుల కేసులు చూసే ఒక చిన్న సంస్థలో పని చేస్తున్నాను. ప్రతి జూన్‌లో ఎవరో ఒక జూనియర్ "అక్కా, ఇలాంటి కోర్సులో చేరొచ్చా?" అని అడుగుతూనే ఉంటారు. అందరికీ ఒకేసారి చెప్పేస్తే పోతుందని రాస్తున్నాను.

మెమో క్లాసుతోనే మొదలుపెడతాను, ఎందుకంటే డబ్బులు గిట్టింది అక్కడే. వారానికొక పేజీ. పేజీ అంటే పేజీయే, వెనక్కి తిప్పకూడదు. మొదటి రెండు వరుసల్లో ఏం కావాలో, ఎవరు చేయాలో, ఎప్పటిలోగా చేయాలో ఉండాలి. మొత్తం పన్నెండు రాశాను. ఏడోదానికి ఎర్ర సిరా తగ్గింది.

పోయినేడు జగిత్యాల వైపు నుంచి ఒకాయన వచ్చారు. వాళ్ల బావ సౌదీలో క్యాంపులోనే చనిపోయాడు. చేతిలో కంప్యూటర్ సెంటర్లో టైపు చేయించిన నాలుగు పేజీల అర్జీ. బావ ఎంత మంచివాడో, ఎంత అప్పు చేసి వెళ్లాడో, ముగ్గురు ఆడపిల్లలు ఎలా ఏడుస్తున్నారో అన్నీ ఉన్నాయి. పాస్‌పోర్టు నంబరు నాలుగో పేజీ అడుగున ఉంది. కంపెనీ పేరు అసలు లేదు. ఫోన్లు చేసి తెలుసుకుని తొమ్మిది వరుసలకు కుదించాను: పేరు, పాస్‌పోర్టు నంబరు, కంపెనీ, శవం ఏ ఆసుపత్రి మార్చురీలో ఉంది, డెత్ సర్టిఫికెట్ వచ్చిందా, కుటుంబం ఇచ్చిన అంగీకార పత్రం చేరిందా, శవాన్ని పంపడానికి ఎంబసీ ఇచ్చే అనుమతి పత్రానికి (ఎన్‌ఓసీ) ఏ కాగితం అడ్డం పడింది. ఆయన అది చూసి, "అక్కా, గింత చిన్నగ రాస్తే వాళ్లు పట్టించుకుంటరా?" అన్నారు. విదేశాంగ శాఖ ఫిర్యాదుల వెబ్‌సైటు మదద్ పోర్టల్‌లో పెట్టి, అదే కాగితాన్ని ఎంబసీకి మెయిల్ చేశాం. మర్నాడు అక్కడి నుంచి ఒకే ఒక ప్రశ్నతో ఫోన్ వచ్చింది. నాలుగు పేజీలు చదివి ఉంటే ఆ ప్రశ్న దగ్గరకు రావడానికే వారం పట్టేదని నా నమ్మకం.

రెండోది సంప్రదింపుల ఆట. 1960 నాటి సింధు జలాల ఒప్పందాన్ని నమూనాగా పెట్టుకుని రెండు జట్లు చేశారు. అసలు ఒప్పందం కుదరడానికి ప్రపంచ బ్యాంకు మధ్యలో కూర్చున్నా దాదాపు తొమ్మిదేళ్లు పట్టింది, మాకిచ్చింది మూడు గంటలు. నాకు పాకిస్తాన్ జట్టు వచ్చింది. ప్రతి జట్టుకూ ఒక రహస్య చీటీ ఇచ్చారు. నీళ్ల పంచాయితీ అనగానే నాకు పూనకం వచ్చినట్టయింది. చిన్నప్పటి నుంచి పేపర్లో 811 టీఎంసీలు అన్న అంకె చూస్తూ పెరిగినవాళ్లం కదా. బచావత్ ట్రిబ్యునల్ కృష్ణాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చిన ఆ నీటినే, రాష్ట్రం విడిపోయాక 2015లో తాత్కాలికంగా 512, 299గా పంచుకుని, ఇప్పటికీ వాదించుకుంటున్నాం. అదే ధోరణిలో ఒక అంకె పట్టుకుని కూర్చున్నాను, ఎదుటి జట్టు ఇంకో అంకె పట్టుకుంది. మూడు గంటలయ్యాక చేతిలో ఏమీ లేదు.

చీటీలు విప్పి చూస్తే తల తిరిగింది. మాకు కావలసింది విత్తే కాలానికి ముందు నీళ్లు, ప్రవాహం లెక్కలు ముందుగా తెలియడం. వాళ్లకు కావలసింది కరెంటు ఉత్పత్తికి అడ్డు లేకపోవడం. నెలలవారీగా కూర్చుని మాట్లాడి ఉంటే ఇద్దరికీ సరిపోయేది. "అవతలివాళ్లకు ఇది ఎందుకు కావాలో ఒక్కసారైనా అడిగారా?" అన్నారు మేడం. లేదు. ఒక్కసారి కూడా అడగలేదు.

ఒప్పందం కుదరకపోతే నీ దగ్గరున్న మంచి ప్రత్యామ్నాయం ఏమిటో ముందే తేల్చుకో అనే పాఠం కూడా ఇక్కడే. దాన్ని బాట్నా అంటారు. మా తెలుగువాళ్లం ముగ్గురం బఠాణీ అనేవాళ్లం. నవ్వుకోవడానికి పెట్టిన పేరే గానీ, ఇప్పటికీ రిక్రూటింగ్ ఏజెంట్‌తో మాట్లాడే ముందు డైరీలో "బఠాణీ?" అని రాసుకుంటాను. ఏజెంటుకు డబ్బు తిరిగివ్వడం కంటే రిజిస్ట్రేషన్ పోతుందేమోనన్న భయం పెద్దది. అది తెలిశాక అరవాల్సిన పని చాలా తగ్గింది.

ముసాయిదా రాసే క్లాసులు నాలుగే, కానీ ఒకటి మర్చిపోలేను. 1967 నవంబరులో భద్రతా మండలి చేసిన 242వ తీర్మానంలో ఇజ్రాయెల్ సైన్యం ఆక్రమించిన ప్రాంతాల నుంచి వెనక్కి వెళ్లాలని ఉంది. ఇంగ్లిష్ పాఠంలో ప్రాంతాలకు ముందు 'ద' (the) అనే ఉపపదం లేదు, ఫ్రెంచ్ పాఠంలో ఆ ఉపపదం ఉంది. అన్ని ప్రాంతాలా, కొన్నేనా అన్న వాదన ఇన్ని దశాబ్దాలైనా తెగలేదు. మన భాషలో అసలు ఉపపదాలే లేవు కాబట్టి ఈ గొడవ మనకు ఒక పట్టాన అర్థం కాదు. ఆ క్లాసులో నేను 'ద' అనే మాటను జీవితంలో మొదటిసారి భయంగా చూశాను. ఇప్పుడు కార్మికుల కాంట్రాక్టుల ఇంగ్లిష్ ప్రతి పట్టుకుని చదివేటప్పుడు అదే భయం పనికొస్తోంది. పక్కన అరబిక్ ప్రతి ఉంటుంది, అది మాత్రం నాకు రాదు. అది ఈ కోర్సు మీద నా పెద్ద ఫిర్యాదు, వస్తున్నాను.

డేటా క్లాసు సంగతి త్వరగా చెప్పేస్తాను. ఐక్యరాజ్య సమితి వాణిజ్య గణాంకాల డేటాబేస్ కామ్‌ట్రేడ్‌లో మన ఎండుమిర్చి లెక్క తీయమన్నారు. అక్కడ ప్రతి సరుకుకూ ఒక కోడ్ ఉంటుంది: 090421 అంటే దంచని ఎండుమిర్చి, 090422 అంటే కారం. భారత్ చైనాకు పంపానన్న విలువ, చైనా భారత్ నుంచి తెచ్చుకున్నానన్న విలువ కలవలేదు. గుంటూరు మిర్చి స్మగ్లింగ్ జరుగుతోందని నేను ధైర్యంగా రాసిచ్చాను. ఎగుమతి లెక్కలో ఓడ కిరాయి, బీమా కలవవనీ, దిగుమతి లెక్కలో కలుస్తాయనీ, పైగా నేను ఒకచోట ఆర్థిక సంవత్సరం, ఒకచోట క్యాలెండర్ సంవత్సరం తీసుకున్నాననీ చెప్పి క్లాసంతా నవ్వించారు. ఆ తర్వాత ఏ అంకె చూసినా ముందు నెలలు చూడటం అలవాటైంది.

ఇక మోడల్ యూఎన్, అంటే విద్యార్థులు దేశాల ప్రతినిధుల్లా నటించే ఉత్తుత్తి ఐక్యరాజ్య సమితి సభ. బ్రోషర్ మీద పెద్ద ఫొటో దీనిదే. నేనూ దీనికోసమే చేరాను, రెండుసార్లు బహుమతి కూడా వచ్చింది. ఆరేళ్లలో దాన్ని ఎక్కడ వాడానో ఎంత ఆలోచించినా తట్టడం లేదు. స్టేజీ భయం పోతుంది, అది నిజం. కానీ అక్కడ ఎవరికీ రాజధాని నుంచి ఆదేశాలు రావు, బడ్జెట్ ఉండదు, ఓడితే ఇంటికెళ్లి పడుకోవచ్చు. ఇస్త్రీ చొక్కాలు, "ఆనరబుల్ చైర్" అనడాలు, మైకు కోసం ఎగబడటాలు. కాలేజీలో ఉచితంగా దొరికితే ఒకసారి చేయండి.

ఇప్పుడు ఫిర్యాదులు. ముప్పై మంది బ్యాచ్ అని చెప్పి, రెండో టర్మ్‌కు యాభై దాటించారు. దాంతో మెమోలు దిద్దడం ఆగిపోయి, "బాగుంది, ఇంకా మెరుగుపరచండి" అనే ఒకే ముక్క అందరికీ మెయిల్‌లో రావడం మొదలైంది. ఫ్రెంచ్ ఇరవై గంటలు చెప్పారు. నాకు మిగిలింది బోంజూర్. మాలో సగం మంది చివరికి గల్ఫ్‌తో ముడిపడిన ఉద్యోగాల్లోనే పడ్డాం, అరబిక్ అక్షరాలైనా నేర్పి ఉంటే బాగుండేది. ప్లేస్‌మెంట్ సాయం అన్నది ఒక వాట్సాప్ గ్రూపు.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది కాన్సులర్ పని, అంటే విదేశంలో ఇబ్బందుల్లో పడ్డ మనవాళ్లకు సాయం చేసే పని, ఒక్క గంట కూడా లేకపోవడం. దౌత్య సంబంధాల మీద 1961 వియన్నా ఒప్పందం పరీక్షకు చదివించారు. 1963 నాటి కాన్సులర్ ఒప్పందం పేరు మాత్రం స్లైడ్ మీద వచ్చి పోయింది. విదేశంలో మనవాడిని అరెస్టు చేస్తే, అతడు కోరినప్పుడు మన కాన్సులేట్‌కు చెప్పాలని అందులో 36వ అధికరణం చెబుతుంది. నా టేబుల్ మీదకు రోజూ వచ్చేది అదే. క్లాసులో ఉన్న అందరం రాయబారులమే అవుతామన్నట్టు నడిపారు, కౌంటర్ దగ్గర కూర్చునేవాడు ఎవరన్నది ఎవరికీ పట్టలేదు.

అయిదుకు మూడున్నర ఇస్తాను. అందులో రెండు ఆ ఎర్ర సిరాకే. ఇలాంటి కోర్సులో చేరే ముందు ఫోన్ చేసి ఒక్కటే అడగండి: వారం వారం మా రాత ఎవరు దిద్దుతారు, ఎంతమందికి దిద్దుతారు? సూటిగా జవాబు రాకుండా మోడల్ యూఎన్ ఫొటోలు పంపితే మాత్రం ఆ డబ్బుతో అరబిక్ ట్యూషన్ పెట్టించుకోండి. నా పన్నెండు మెమోల ఫైలు ఆఫీసులోనే ఉంది. మొన్న కొత్తగా చేరిన అబ్బాయి తీసుకెళ్లాడు, ఇంకా తిరిగివ్వలేదు.