ఇంకు రాలకుండా ఏది కలపాలి: పీఈ వ్యాక్సా, పీటీఎఫ్ఈనా, సిలికానా?

హైదరాబాద్ మందుల కంపెనీలకు కార్టన్లు వేసే ప్రెస్సుల్లో తరచూ వినిపించే ఫిర్యాదు ఇది: పెట్టెలు లారీలో ఒకదానికొకటి రాసుకుని, ముదురు నీలం పక్క పెట్టె తెల్ల భాగానికి అంటుతోంది. మందు పేరు, బ్యాచ్ నంబరు మసకబారితే సరుకు మొత్తం వెనక్కి వస్తుంది. అందుకే రాపిడిని తట్టుకోవడానికి ఇంకులో ఏం కలపాలన్నది చిన్న ప్రశ్న కాదు.

ఏ డబ్బా మూతైనా తీసేముందు ఒకటి చూసుకోవాలి. ఇంకు ఆరిందా? ఆరని ఇంకును ఏ మైనమూ కాపాడలేదు. ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్లేటును తడిపే ఫౌంటెన్ నీళ్ల పీహెచ్ 4.5 కన్నా బాగా దిగితే ఆ ఆమ్లం, ఇంకును త్వరగా ఆరబెట్టే డ్రయర్‌లోని కోబాల్ట్‌ను దెబ్బతీస్తుంది. వానాకాలంలో గాలిలో తేమ పెరిగితే ఆరడం ఇంకా నెమ్మదిస్తుంది. రిఫ్లెక్స్ బ్లూ అనే ముదురు నీలం లాంటి రంగులు మామూలు రోజుల్లోనే ఆరడానికి మొండికేస్తాయి. ఈ లోపాలు సరిచేయకుండా వ్యాక్స్, అంటే మైనం, గుమ్మరిస్తే డబ్బు దండగ.

ఇంకు ఆరినా రాలుతోందంటే అప్పుడు మైనం సంగతి చూడాలి. ఆఫ్‌సెట్‌లో ఆరిన ఇంకు పొర మందం మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు), మహా అయితే రెండు. అంతకన్నా కాస్త పెద్దవైన మైనం రేణువులు పొర మీదికి పొడుచుకొచ్చి ఉంటాయి. రాపిడి ముందు వాటి మీద పడుతుంది, రంగు మీద కాదు. అలాగని రేణువు మరీ పెద్దదైతే ఇంకును కాగితానికి అందించే రబ్బరు బ్లాంకెట్ మీద పేరుకుపోతుంది.

మామూలు కార్టన్లు, పెళ్లి పత్రికలు, పుస్తకాల అట్టలకు నా ఓటు పీఈ వ్యాక్స్‌కే. పాలిథిలీన్ మైనమన్నమాట. మిగతా రెండింటికన్నా చవక, ఇంకులో సులువుగా కలుస్తుంది, 100 నుంచి 130 డిగ్రీల మధ్య కరుగుతుంది. పెట్టెల మధ్య రాపిడికి అంత వేడి పుట్టదు కాబట్టి దాని బలం సరిపోతుంది. ప్రెస్సులోనే కలుపుకోవాలంటే పేస్టుగా దొరికే కాంపౌండ్ మేలు. కిలో ఇంకుకు 20, 30 గ్రాములతో మొదలుపెట్టి, రాతిపలక మీద కత్తితో ఉండలు లేకుండా నూరి, ఒక్క రంగుతో చూడాలి. అంతకు మించి పోతే మెరుపు తగ్గుతుంది, పైన వేసే వార్నిష్, లామినేషన్ సరిగా పట్టవు. దీని ముఖ్యమైన లోపం ఇదే, దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

పీటీఎఫ్ఈ అంటే నాన్‌స్టిక్ పెనం మీద ఉండే పూతే, మెత్తని పొడిగా వస్తుంది. జారుడు గుణంలో దీన్ని మించింది లేదు. కరిగే ఉష్ణోగ్రత 327 డిగ్రీలు. అందుకే చుట్ట కాగితం మీద అచ్చేసి ఓవెన్లో ఆరబెట్టే హీట్‌సెట్ వెబ్ మెషిన్లలో, పీఈ మెత్తబడే చోట కూడా ఇది నిలుస్తుంది. గరుకుగా ఉండే మ్యాట్ ఆర్ట్ పేపర్ మీద, ఇంకు సుద్దలా రాలే చోట, దీని విలువ కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. కానీ ఖరీదు ఎక్కువ. సాంద్రత 2.2 చుట్టూ ఉంటుంది కాబట్టి గ్రేవ్యూర్, ఫ్లెక్సో అనే వేరే ముద్రణ పద్ధతుల్లో వాడే పల్చటి ఇంకుల్లో అడుగున చేరుతుంది. చిక్కటి ఆఫ్‌సెట్ ఇంకులో ఆ బెడద లేదు.

నన్ను దీనికి దూరంగా ఉంచేది ధర ఒక్కటే కాదు. ఇది పీఫాస్ అనే ఫ్లోరిన్ రసాయనాల కుటుంబానికి చెందింది, ప్రకృతిలో తేలిగ్గా విచ్ఛిన్నం కాదు. సూక్ష్మపొడిగా మార్చే రేడియేషన్ పద్ధతిలో పీఎఫ్ఓఏ అనే హానికర పీఫాస్ పుట్టే అవకాశం ఉంది. దాన్ని 2019లో, ప్రకృతిలో చాలాకాలం నిలిచే విష రసాయనాలపై కుదిరిన అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధిత జాబితాలో చేర్చింది. 2023లో జర్మనీ, నెదర్లాండ్స్, డెన్మార్క్, నార్వే, స్వీడన్ కలిసి పీఫాస్ మొత్తాన్ని కట్టడి చేసే ప్రతిపాదన తెచ్చాయి. ఐరోపాకు వెళ్లే కార్టన్లు వేసే ప్రెస్ ఇప్పటినుంచే పీటీఎఫ్ఈ లేని ఇంకుకు అలవాటుపడటం మంచిది.

సిలికాన్ గురించి పెద్దగా చెప్పేదేం లేదు. నీటి ఇంకుల్లో, అతినీలలోహిత కాంతితో ఆరే యూవీ ఇంకుల్లో తయారీదారులు లెక్కగా వేసే రకాలున్నాయి, అక్కడ అవి పనికొస్తాయి. నూనె ఆధారిత ఆఫ్‌సెట్ ఇంకులో మాత్రం ప్రెస్సువాళ్లు చేతికందింది కలపడం ప్రమాదం. చుక్క ఎక్కువైనా తర్వాతి రంగు సరిగా పరుచుకోక చేప కళ్లలా గుండ్రటి ఖాళీలుగా విడిపోతుంది, జిగురు పట్టదు, రోలర్ల మీద మిగిలిపోయి రేపటి పనిని కూడా చెడగొడుతుంది.

ఏది కలిపినా పరీక్ష తప్పదు. అచ్చేసిన షీటును బరువు పెట్టి రుద్ది చూసే సదర్లాండ్ రబ్ టెస్టర్ యంత్రం ఉంటే, ఎంత బరువుతో, ఎన్ని సార్లో ముందే ఖాయం చేసుకుని ప్రతిసారీ అలాగే రుద్దాలి. అది లేకపోతే తెల్ల కాగితం మడిచి బొటనవేలితో గట్టిగా రుద్దినా తేడా తెలుస్తుంది. వేసిన వెంటనే కాదు, కనీసం ఒక రోజు ఆగాక. కలపని షీటు ఒకటి పక్కనే ఉంచుకుని, రెండింటినీ ఒకేలా రుద్ది చూడాలి. జిగురు అంటించే అంచు మీద మాత్రం ఇంకు లేకుండా డిజైన్ దశలోనే తీసేయించండి, అక్కడ ఏ మైనం ఉన్నా పెట్టె ఊడిపోతుంది.