గూగుల్ ప్రొఫైలా, సొంత వెబ్‌సైటా: తిరుపతిలో చిన్న వ్యాపారికి ఏది మేలు?

"గూగుల్‌లో కొడితే మన పేరు వస్తోంది కదన్నా, మళ్లీ వెబ్‌సైట్‌కి డబ్బులు తగలెయ్యడం ఎందుకు?" తిరుపతిలో లాడ్జిలు, ట్రావెల్స్, హోమ్‌స్టేలు నడిపేవాళ్లకు ఆన్‌లైన్ పనులు చేసిపెట్టే నాకు ఈ ప్రశ్న తరచూ ఎదురవుతుంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త కస్టమర్‌ని తెచ్చిపెట్టడంలో గూగుల్‌ని మించింది లేదు. కానీ వ్యాపారం మొత్తాన్నీ దాని చేతిలో పెట్టి కూర్చుంటే ఏదో ఒకరోజు ఇబ్బంది తప్పదు.

ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ సంగతి. అంటే గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్‌లో మన వ్యాపారం పేరు, ఫోన్ నంబరు, ఫోటోలు, రివ్యూలు కనబడే పేజీ. తెల్లవారుజామున రైలు దిగి, టీటీడీ వసతి భవనం విష్ణు నివాసంలో గది దొరకక, స్టేషన్ ఎదుట బ్యాగులు పెట్టుకుని నిలబడ్డ మహారాష్ట్ర కుటుంబాన్ని ఊహించుకోండి. ఫోన్ తీసి దగ్గర్లో రూములని వెతుకుతారు. మ్యాప్‌లో ముందు కనబడ్డ మూడు నాలుగు పేర్లకు రేటింగ్ ఎంతో చూస్తారు. బాత్రూమ్ ఫోటో పెద్దది చేసి చూస్తారు. వేడినీళ్లు వస్తాయా, లిఫ్ట్ ఉందా అని రివ్యూలు తిరగేస్తారు. వెంటనే కాల్ బటన్ నొక్కేస్తారు. ఎవరో తమిళంలో రాసిన రివ్యూని కూడా వాళ్ల భాషలోకి మార్చి చూపిస్తుంది గూగుల్. నాలుగు రాష్ట్రాల జనం వచ్చిపోయే మన ఊళ్లో ఇది మామూలు సౌకర్యం కాదు. పైగా పైసా ఖర్చు లేదు. ఈ పని మన సొంత వెబ్‌సైట్ వల్ల కాదు, అందులో నాకు అనుమానమే లేదు.

మరి ఇబ్బంది ఎక్కడ? గూగుల్ తీసుకునే నిర్ణయాల్లో ఉంది. ఇదే ప్రొఫైల్‌తో పాటు ఒకప్పుడు చిన్న వ్యాపారులకు ఉచితంగా ఒక వెబ్‌సైట్ కూడా ఇచ్చేది. నాలుగు ఫోటోలు, ఫోన్ నంబరు పెడితే చాలు, సైట్ తయారయ్యేది. 2024 మార్చిలో ఆ సైట్లన్నీ ఆపేసింది. ఆ అడ్రస్ కొట్టినవాళ్లను కొన్నాళ్లు ప్రొఫైల్‌కి మళ్లించింది, జూన్‌లో అదీ ఆగిపోయింది. విజిటింగ్ కార్డు మీద, కారు అద్దం మీద ఆ అడ్రస్ వేయించుకున్నవాళ్లందరికీ అది పనికిరాకుండా పోయింది. అదే ఏడాది జులై నెలాఖరుకి ప్రొఫైల్‌లోని చాట్ కూడా తీసేశారు. అంతకు ముందు ఏడాది డొమైన్లు, అంటే వెబ్‌సైట్ అడ్రస్ పేర్లు, అమ్మే తన వ్యాపారాన్ని స్క్వేర్‌స్పేస్ అనే కంపెనీకి అమ్మేసింది. 2019లో గూగుల్ సోషల్ మీడియా సైట్ గూగుల్ ప్లస్ మూతపడ్డ సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. కంపెనీ వాళ్లది, లెక్కలు వాళ్లవి, కాదనను. అయితే ఆ లెక్కల్లో తిలక్ రోడ్డులోని పన్నెండు గదుల లాడ్జి ఉండదు.

ఉచితం వెనకాల ఉన్న లెక్క కూడా చూడాలి. 2023లో గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ ఆదాయం సుమారు 307 బిలియన్ డాలర్లు. అందులో దాదాపు 238 బిలియన్లు ప్రకటనల మీద వచ్చినవే. అందుకే లాడ్జి పేరు వెతికితే చాలాసార్లు పైన స్పాన్సర్డ్ ఫలితాలు (డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటనలు), బుకింగ్ సైట్ల రేట్లు వస్తాయి. మన పేరు కొట్టి మనకోసం వచ్చినవాడు కూడా ఆ బుకింగ్ సైట్‌లోకి వెళ్లిపోతే, మనం కమిషన్ కట్టుకోవాలి. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

ఇంకోటి. ప్రొఫైల్‌లో ఉన్న ఫోన్ నంబరు, టైమింగ్స్ తప్పని ఎవరైనా సూచించవచ్చు, ఆ మార్పు కొన్నిసార్లు అమల్లోకి వచ్చేస్తుంది కూడా. బ్రహ్మోత్సవాల వారంలో మీ నంబరు మారిపోయి కాల్స్ ఇంకెవరికో పోతే ఆ నష్టం ఎవరిస్తారు? సీజన్ రోజుల్లో పొద్దున్నే ఒకసారి ప్రొఫైల్ చూసుకోండి.

అయితే గూగుల్‌ని వదిలేసి బతకొచ్చా? కుదరదు. మన దేశంలో ఎక్కువమంది చేతిలో ఉన్నది ఆండ్రాయిడ్ ఫోనే, అందులో గూగుల్ సెర్చ్ ముందే కూర్చుని ఉంటుంది. ఆండ్రాయిడ్ విషయంలో గూగుల్ తన బలాన్ని దుర్వినియోగం చేసిందని, మన దేశంలో వ్యాపార పోటీ సక్రమంగా ఉందో లేదో చూసే కాంపిటీషన్ కమిషన్ 2022 అక్టోబరులో 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. సెర్చ్‌లో గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలబెట్టుకుందని 2024 ఆగస్టులో అమెరికా కోర్టు తీర్పిచ్చింది. తీర్పులు వచ్చినా జనం వెతికే చోటు మారలేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల సెర్చ్ బింగ్‌లో, ఆపిల్ మ్యాప్స్‌లో కూడా ఉచితంగా నమోదు చేసుకోండి, కానీ వాటి మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు.

సొంత వెబ్‌సైట్‌కి వద్దాం. డొమైన్‌కి ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు, హోస్టింగ్‌కి, అంటే సైట్‌ని ఇంటర్నెట్‌లో ఉంచే చోటుకి, మరికొంత అవుతుంది. సైట్ పెట్టగానే కస్టమర్లు బారులు తీరుతారని ఎవరైనా చెబితే నమ్మకండి. దాన్ని వెతికి చూపించాల్సింది మళ్లీ గూగులే. ప్రశ్నకు జవాబు పైనే రాసిపెట్టే ఏఐ ఓవర్‌వ్యూలు 2024 ఆగస్టులో మన దేశానికీ వచ్చాక, కిందున్న సైట్ల దాకా వెళ్లే అవసరం జనానికి ఇంకా తగ్గింది. అయినా నేను సొంత సైట్ వైపే మొగ్గుతాను. ఆ పేరు మనది. హోస్టింగ్ ఇచ్చే కంపెనీ నచ్చకపోతే అదే అడ్రస్‌తో ఇంకో చోటికి మారిపోవచ్చు. తిరుమల దర్శనం, గదుల పేరుతో నకిలీ సైట్లు ఎన్నో పుట్టుకొచ్చి, టీటీడీయే పోలీసులకు ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. అలాంటి ఊళ్లో, అడ్వాన్సు పంపేముందు భక్తుడికి చూసుకోవడానికి మన పేరుతో ఒక చిరునామా ఉంటే ధైర్యం.

ఒక జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి. డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో కొనండి. సైట్ చేసిపెట్టిన కుర్రాడి పేరు మీద ఉంటే, అతను బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిపోయాక రెన్యువల్ మెసేజ్ అతనికే పోతుంది. గూగుల్ ప్రొఫైల్‌కీ అంతే. ఓనర్‌గా మీరుండండి, కుర్రాణ్ణి మేనేజర్‌గా చేర్చండి.

వ్యాపారుల కోసం ఉన్న వాట్సాప్ బిజినెస్ యాప్ పాత కస్టమర్లతో మాట్లాడటానికి బాగా పనికొస్తుంది. ఏటా మొక్కు తీర్చుకోవడానికి వచ్చే సేలం కుటుంబానికి నెల ముందే "ఈసారి ఎప్పుడొస్తున్నారు సామీ?" అని ఒక్క మెసేజ్ పెడితే, వాళ్లు గూగుల్‌లో వెతకనే వెతకరు. కాకపోతే అదీ వేరే కంపెనీదే, నంబరు బ్లాక్ అయితే అన్నీ పోతాయి. కస్టమర్ల నంబర్లు ఒక పుస్తకంలోనూ రాసిపెట్టుకోండి.

ఇక ఎవరికి ఏది? రెండు కార్లతో కాణిపాకం, శ్రీకాళహస్తి ట్రిప్పులు తిప్పేవాళ్లకు ప్రొఫైల్, వాట్సాప్ చాలు, వెబ్‌సైట్‌కి తొందరేం లేదు. టిఫిన్ సెంటర్‌కి ప్రొఫైల్ ఒక్కటే సరిపోతుంది. లాడ్జి, హోమ్‌స్టే లాంటి అడ్వాన్సు తీసుకునే ఏ వ్యాపారానికైనా సొంత డొమైన్ ఉండి తీరాలి. బోర్డు మీద, బిల్లు మీద, గది తాళం ట్యాగ్ మీద ఆ అడ్రసే వేయించండి, ప్రొఫైల్‌లో వెబ్‌సైట్ అని ఉండే చోట కూడా దాన్నే పెట్టండి.