ఆరేళ్లు వాడాక స్టాండప్ ప్యాడిల్ బోర్డులో ఏది నిలిచింది, ఏది చెడింది

స్టాండప్ ప్యాడిల్ బోర్డంటే నీళ్లమీద నిలబడి తెడ్డు వేస్తూ నడిపే పొడవాటి పలక. ఇది అలాంటి రెండు బోర్డుల మీద సమీక్ష. ఒకటి గాలి కొట్టుకునేది: 10 అడుగుల 6 అంగుళాల పొడవు, 32 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల మందం, రెండు పొరల పీవీసీ, బరువు 9.5 కిలోలు. రెండోది దాదాపు అదే పొడవూ వెడల్పూ ఉన్న గట్టి బోర్డు: లోపల థర్మాకోల్, పైన ఎపాక్సీతో (హార్డెనర్ కలిపితే గట్టిపడే రెసిన్) ఫైబర్‌గ్లాస్, కొన్న రోజు బరువు 12.2 కిలోలు. రెండూ ఆరేళ్లుగా విశాఖ రుషికొండ తీరంలో వారానికి రెండు మూడు రోజులు నీళ్లలో దిగుతున్నాయి. కంపెనీల పేర్లు రాయడం లేదు. ఈ రకం బోర్డులు చాలావరకు ఒకే పద్ధతిలో తయారవుతాయి, ఒకే చోట్ల చెడతాయి. ఈ ఆరేళ్లలో అలల దెబ్బకు పోయింది బహు తక్కువ. నీళ్లలోంచి తీశాక ఒడ్డున, ఇంట్లో జరిగిన నష్టమే ఎక్కువ.

గాలి బోర్డు లోపల ఏముందో తెలిస్తే ఎక్కడ చెడుతుందో కూడా తెలిసిపోతుంది. పైన ఒక పాలిస్టర్ బట్ట, కింద ఒకటి, ఆ రెంటినీ కలుపుతూ నిలువుగా వేలకొద్దీ దారాలు. దీన్నే డ్రాప్‌స్టిచ్ అంటారు. పరుపులో దూది ఒక చోటికి పోగవకుండా మధ్యమధ్య దారం లాగి ముడేస్తారే, ఆ పనే ఇక్కడ మగ్గం మీద జరుగుతుంది. 15 పి.ఎస్.ఐ. (చదరపు అంగుళానికి ఇన్ని పౌండ్లని చెప్పే ఒత్తిడి కొలత) దాకా గాలి ఎక్కిస్తే, ఈ కొలత బోర్డులో పై బట్టనీ కింది బట్టనీ విడదీయాలని గాలి తోసే బలం 20 టన్నులకు అటూ ఇటూగా ఉంటుంది. అన్ని దారాలు ఉన్నాయి కాబట్టి తలా కాస్త పంచుకుని మోసేస్తాయి. దారాలు తెగితే ఆ చోట పైకి బొప్పి కట్టినట్టు ఉబ్బుతుంది. ఈ బోర్డులో ఇప్పటికీ అలాంటి ఉబ్బు ఒక్కటీ లేదు.

పక్క అంచుకు మాత్రం దారాల సాయం లేదు. చుట్టూ తిప్పి అంటించిన పీవీసీ పట్టీయే అక్కడ గాలిని ఆపాలి. మందం 6 అంగుళాలు, ఒత్తిడి 15 అనుకుంటే, అంచు పొడవునా ప్రతి అంగుళం మీదా 90 పౌండ్లు, అంటే 40 కిలోల తోపు. ఆ పట్టీని పట్టి ఉంచేది జిగురు. అందుకే కొనేటప్పుడు మొదట చూడాల్సింది అంచే. పట్టీ ఒక పొరా, రెండు పొరలా? జిగురుతో అంటించారా, వేడితో వెల్డ్ చేశారా? మన ఎండలకు వెల్డ్ చేసినదే మేలని నా గట్టి అభిప్రాయం. జిగురు అతుకైతే పట్టీ పక్కన జిగురు మరక సన్నగా కనిపిస్తుంది, కొన్నాళ్లకు అది పసుపు తిరుగుతుంది. ‘మిలటరీ గ్రేడ్’ అన్న మాటకు కొలతేమీ లేదు, దాన్ని నమ్మి డబ్బు పెట్టకండి.

ఎండలో వదిలేస్తే గాలి వ్యాకోచించి బోర్డు పేలిపోతుందని చాలామంది భయం. లెక్క వేసి చూద్దాం. 27 డిగ్రీల దగ్గర 15 పి.ఎస్.ఐ. ఉన్న గాలి 60 డిగ్రీలకు చేరితే 18 చిల్లర అవుతుంది. మంచి బోర్డు ఆ మాత్రానికి పగలదు. ఇబ్బంది ఇంకోటి: ఒత్తిడి పెరిగిన ఆ వేళకే వేడికి జిగురు మెత్తబడి ఉంటుంది. రెండూ కలిసి పట్టీని మెల్లగా జరుపుతాయి. ఈ బోర్డులో నాలుగో ఏడు తోక దగ్గర పై పట్టీ 7 సెంటీమీటర్ల మేర లేచింది. ఒడ్డున నిలబెట్టినప్పుడల్లా కాలే ఇసుకలో ఆనే మూల అదే. అప్పట్నుంచి ఒడ్డుకు రాగానే వాల్వు రెండు సెకన్లు నొక్కి 12కు దించి, నీడలో పెట్టడం అలవాటు. దీనికి తిరగేసిన సంగతి కూడా ఉంది. ఎండలో 45 డిగ్రీల వేడి మీద 15 కొట్టి నీళ్లలో వేస్తే చల్లబడి 13 చిల్లరకు దిగుతుంది. 80 కిలోల మనిషి నిలబడితే నడుమ కుంగినట్టనిపించేది అందుకే. గాలి కారుతోందని కంగారుపడక్కర్లేదు.

నిజంగా కారుతుంటే ముందు వాల్వు మీద అనుమానపడండి. గిన్నెడు నీళ్లలో చెంచాడు గిన్నెల సబ్బు కలిపి, మూత తీసి వాల్వు మీద పోయండి. బుడగ వాల్వు నడిమధ్య నుంచి వస్తే రబ్బరు వాషర్ మీద ఇసుక రేణువు ఉంది. బోర్డు నిండుగా ఉండగానే మధ్య పుల్లను రెండు మూడుసార్లు టపటపా నొక్కి వదిలితే ఆ గాలి జోరుకే ఇసుక ఎగిరిపోతుంది. బుడగలు వాల్వు అంచు చుట్టూ వస్తే అది వదులైంది: గాలంతా తీసేసి, వెనక ఉన్న నట్టును బట్ట మీంచే గట్టిగా పట్టుకుని, బోర్డుతో ఇచ్చిన ప్లాస్టిక్ పానాతో పావు చుట్టు బిగించండి. అంతకు మించితే మరలు పోతాయి. బుడగలు అంచు పట్టీ వెంట సన్నగా, నురగలా, వరసగా పుడుతుంటే అతుకు పోయినట్టే. ఆరేళ్లలో గాలి తగ్గిన సందర్భాల్లో ఎక్కువవాటికి కారణం మొదటిదే.

రాళ్లకు పట్టిన గుల్లలు కోసిన చిల్లులకు పట్టీ వేయడం కష్టమేం కాదు, తొందరే పనికిరాదు. చిల్లుకు చుట్టూ 5 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా పీవీసీ ముక్క కత్తిరించి మూలలు గుండ్రం చేయండి. మూల కోసుగా ఉంటే అక్కణ్ణుంచే లేస్తుంది. రెండు ముఖాలనూ 220 నంబరు గరుకు కాగితంతో మెరుపు పోయేదాకా రుద్ది అసిటోన్‌తో తుడవాలి. పీవీసీకి వాడే పాలియురెథేన్ జిగురు రెండు వైపులా పల్చగా ఒక పూత, పది నిమిషాలాగి రెండో పూత. వేలు ఆనిస్తే అంటీ అంటనట్టు ఉన్నప్పుడు మధ్య నుంచి అంచులకు చెంచా వీపుతో రుద్ది, పైన బరువు పెట్టి 24 గంటలు వదిలేయండి. అప్పటిదాకా గాలి కొట్టకూడదు. ముసురు పట్టిన రోజున ఈ పని పెట్టుకోవద్దు, గాలిలో తేమకు జిగురు తెల్లగా పాలుకట్టి పట్టు వదిలేస్తుంది. సైకిల్ పంచర్ల సొల్యూషన్ రబ్బరుకు పనికొస్తుంది, పీవీసీకి పట్టదు. బోర్డుతో వచ్చే రిపేరు కిట్‌లోని జిగురు ట్యూబు ఏడాది తిరిగేసరికి ఎండిపోతుంది, దాన్ని నమ్ముకుని ప్రయాణం కట్టకండి.

కాళ్ల కింది ఈవీఏ (నురగలాంటి ప్లాస్టిక్) మెత్త అంచుల్లో లేవడం మూడో ఏడు మొదలైంది. చెప్పులు అంటించే సింథటిక్ రబ్బరు జిగురు సరిపోయింది. ప్లాస్టిక్ ఫిన్ (బోర్డు అడుగున తోక దగ్గరుండే రెక్క) వంకరపోతే బాగా వేడినీళ్లలో ముంచి, చేత్తో సరిచేసి, చన్నీళ్లలో పెడితే నిటారవుతుంది.

ఇక గట్టి బోర్డు. నీళ్లమీద దాని పరుగు, మలుపు గాలి బోర్డుకు రావు, ఇది ఒప్పుకోవాల్సిందే. కానీ లోపలున్నది థర్మాకోల్. పూసల మధ్య సందుల్లోంచి అది నీరు తాగుతుంది. పైపెంకులో వెంట్రుకంత పగులు చాలు. అందుకే కొన్న రోజే తూచి, ఆ అంకె ఫిన్ పెట్టె పక్కన మార్కర్‌తో రాసుకోవాలి. ఒకసారి 12.2 కాస్తా 12.6 చూపింది. 400 గ్రాముల నీరు. వెతికితే కుడి అంచున, తెడ్డు వేసేటప్పుడు దాని కర్ర తగిలే చోట, గోరు పట్టేంత గీత. కొత్త బోర్డుకు మొదటి రోజే రెండు అంచులకూ పారదర్శక పాలియురెథేన్ టేపు వేయిస్తే ఈ గొడవ చాలావరకు తప్పుతుంది.

రిపేరు విషయంలో మన తీరంలో తరచూ జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. ఫైబర్ పడవలు బాగుచేసేవాళ్ల దగ్గర సాధారణంగా ఉండేది పాలిస్టర్ రెసిన్. పడవకు అది భేషుగ్గా పనికొస్తుంది. అందులోని స్టైరీన్ మాత్రం థర్మాకోల్‌ను కరిగించేస్తుంది. పాత ప్యాకింగ్ ముక్క మీద ఒక చుక్క వేసి చూడండి: కళ్లముందే చుక్క చుట్టూ గుంట పడి, లోపలికి దిగిపోతుంది. బోర్డు లోపలా అంతే, బయటికి అతుకు నున్నగా కనిపిస్తుంది, కింద డొల్ల. పని చేతికిచ్చే ముందు ‘ఇది ఎపాక్సీ బోర్డు, ఎపాక్సీయే వాడాలి’ అని డబ్బా చూసి మరీ చెప్పండి.

సరైన పద్ధతి ఇది. పగులును కాస్త వెడల్పు చేసి, ఆ చోటు కిందికి వచ్చేలా నీడలో వారం పది రోజులు ఆరబెట్టి, బరువు పాత అంకెకు దగ్గరయ్యాక 80 నంబరు కాగితంతో చుట్టూ 4 సెంటీమీటర్లు గరుకు చేయాలి. గుంట ఉంటే ఎపాక్సీలో మైక్రోబెలూన్ పొడి (లోపల డొల్లగా ఉండే అతి చిన్న గోళీల పొడి) కలిపి పూడ్చి, దానిమీద చదరపు మీటరుకు 200 గ్రాములున్న గ్లాసు గుడ్డ రెండు పొరలు, రెండోది మొదటిదానికన్నా కొంచెం పెద్దదిగా. గట్టిపడ్డాక 120, ఆపైన 220 కాగితం. రెసిన్, హార్డెనర్ పాళ్లు డబ్బా మీద ఎంతుంటే అంతే. త్వరగా ఆరుతుందని హార్డెనర్ ఎక్కువ పోస్తే ఎపాక్సీ జన్మలో గట్టిపడదు. ఒక్కసారే పెద్ద గ్లాసుడు కలిపినా ప్రమాదమే, అది తనంతట తనే కాగిపోతుంది, మే నెలలో మరీ త్వరగా. 50 గ్రాముల చొప్పున కలుపుకోండి.

గట్టి బోర్డు పైభాగంలో గాలిమర ఒకటి ఉంటుంది, లోపలి గాలిని బయటికి వదిలే చిన్న మర అది, చాలామంది పట్టించుకోరు. అరకు దాకా తీసుకెళ్తే 900 మీటర్ల ఎత్తులో బయటి గాలి ఒత్తిడి దాదాపు పదో వంతు తగ్గుతుంది. లోపలి గాలి బయటికి పోవాలని పెంకును తోస్తుంది, పెంకు థర్మాకోల్ నుంచి ఊడుతుంది. ఎండలో కారు మీద కట్టి వదిలేసినా ఇదే తంతు. మామూలు ఉష్ణోగ్రతలో గట్టిపడిన ఎపాక్సీ 50-60 డిగ్రీల దగ్గరే మెత్తబడటం మొదలుపెడుతుంది, నల్ల బోర్డు ఆ వేడికి ఇట్టే చేరుతుంది. ప్రయాణంలో మర వదులు, నీళ్లలో దిగేముందు బిగింపు. దానంతటదే పనిచేసే పొర ఉన్న గాలిమరైతే ఈ బాధ లేదు.

కార్బన్ బోర్డు తేలిక, కానీ రాయి మొన తగిలితే ఫైబర్‌గ్లాస్ కన్నా త్వరగా పగులుతుంది. పాలిథిలీన్ పోతబోర్డు దెబ్బలకు జంకదు, అద్దెకిచ్చేవాళ్లకు సరైనది. మోయడమే కష్టం, పైగా దానికి ఏ జిగురూ సరిగా అంటదు.

పాతది కొనేవాళ్లు గాలి బోర్డైతే 15 కొట్టించి, నీడలో ఒక రాత్రి ఉంచమని అడగండి. పొద్దున్న అదే చల్లదనంలో 14 ఉంటే తీసుకోవచ్చు. గట్టి బోర్డైతే తూకం వేసి, అరచేత్తో అడుగడుక్కీ తడుతూ వెళ్లండి. గట్టిగా టక్కుమనాల్సిన చోట మెత్తగా డబ్బుమంటే పెంకు విడిపోయింది. ఇంటికి తెచ్చాక గాలి బోర్డును మడిచి అటక మీద పడేయకండి, మడతల్లో ఎలుకలు చేరతాయి. రెండు మూడు పి.ఎస్.ఐ. గాలి ఉంచి, మంచినీళ్లతో కడిగి, గోడకు ఆనకుండా రెండు గుడ్డ పట్టీల మీద పడుకోబెట్టండి.